జీరో తిరగడం లేదా? బగ్ కాదు, ఐలరాన్!

రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ విమానాల సిమ్యులేటర్ ఆటలకు ఫ్లైట్ మోడల్స్, అంటే ఏ విమానం ఎలా ఎగరాలో చెప్పే లెక్కలు, తయారుచేయడం నా పని. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ నేను తినే తిట్లలో సగం ఈ మూడు అపోహల పుణ్యమే.

అపోహ: జపాన్ ఫైటర్ జీరో అంటే మెలికలు తిరగాలి. తిరగలేదంటే అమెరికన్ విమానాల కోసం కావాలని తగ్గించినట్టే.

వాస్తవం: జీరో చురుకుదనమంతా తక్కువ వేగంలోనే. 1942 జూన్‌లో అలాస్కా దగ్గరి అలూషియన్ దీవుల్లోని అకుటాన్ మీద ఒక జీరో బురదనేలలో దిగబోయి తిరగబడింది. అమెరికన్లు దాన్ని శాన్ డియెగోకు చేర్చి, బాగుచేసి, సెప్టెంబరులో ఎగరేశారు. 200 నాట్లు, అంటే గంటకు సుమారు 370 కిలోమీటర్లు దాటితే విమానాన్ని పక్కకు దొర్లించే ఐలరాన్లు బిగుసుకుపోతున్నాయని తేలింది. ఎడమకు దొర్లినంత తేలిగ్గా కుడికి దొర్లదు కూడా. రెక్కల చివర ఉండే ఆ పలకల మీద గాలి ఒత్తిడి, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. దాన్ని పైలట్ ఒట్టి చేత్తోనే తొయ్యాలి. మీ టేబుల్ మీది జాయ్‌స్టిక్ మాత్రం ఏ వేగంలోనైనా రెండు వేళ్లతో కదులుతుంది. గొడవంతా అక్కడే. మీరు స్టిక్‌ను చివరిదాకా తోశారు, లోపలి మనిషి తొయ్యలేకపోయాడు. అతని భుజబలం ఎంతో అంకె వేయాల్సింది నేను. ఆ అంకె మీద నాతో వాదించండి, ఒప్పుకుంటాను.

అపోహ: టెస్ట్ రిపోర్ట్ చూపిస్తే వాదన అయిపోయినట్టే.

వాస్తవం: ఏ పెట్రోల్‌తో చేసిన టెస్ట్? 1940లో బ్రిటిష్ ఫైటర్లు 87 ఆక్టేన్ నుంచి 100కు మారాయి. దాంతో అత్యవసరంలో స్పిట్‌ఫైర్ లాంటి ఆ ఫైటర్లలోని మెర్లిన్ ఇంజిన్ బూస్ట్‌ను, అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడిని, చదరపు అంగుళానికి 6.25 పౌండ్ల నుంచి 12 దాకా పెంచుకోగలిగారు. అదే స్పిట్‌ఫైర్, రెండు రిపోర్టులు, రెండూ నిజమే. శత్రువు నుంచి పట్టుకున్న విమానమైతే ఇంకా జాగ్రత్త. పైన చెప్పిన జీరో కూడా అతుకులేసిందే కదా, దాని గరిష్ఠ వేగాన్ని నేను కళ్లు మూసుకుని తీసుకోను.

అపోహ: రెండు పక్షాలూ సమానంగా ఉంటేనే న్యాయం.

వాస్తవం: ముక్కు ఒక్కసారిగా కిందికి దించితే తొలి మెర్లిన్ దగ్గేది, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ పైకి లేచేది కాబట్టి. జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109కి కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, హాయిగా డైవ్ చేసి తప్పించుకునేది. 1941లో బ్రిటిష్ ఇంజినీర్ బియట్రిస్ షిల్లింగ్ చిల్లున్న చిన్న లోహపు బిళ్ల పెట్టించాకే ఆ బెడద తగ్గింది. ఆటలోని 1940 మిషన్‌లో ఆ దగ్గు తీసేయమని అడిగితే నేను తీయను. బదులుగా 109లను ఫ్రాన్స్ తీరం నుంచే బయల్దేరదీస్తాను. లండన్ మీదికి చేరేసరికి పోరాడటానికి వాళ్లకు పది నిమిషాల పెట్రోలే మిగులుతుంది. ఇప్పుడు తిట్లు జర్మన్ పక్షం నుంచి వస్తున్నాయి.