కదిలితే బరువు తెలియదంటారు, మరి కదలకముందు?

"బండి కదిలిందంటే బరువు తెలియదంట కదన్నా!" 350 సీసీ బండి నుంచి 650 సీసీ క్రూయిజర్‌కి (సీటు కిందికుండి, కాళ్లు ముందుకు చాపి నడిపే పెద్ద బండి) మారదామనుకునేవాళ్లు మా మెకానిక్ షెడ్డుకొచ్చి చెప్పే మొదటి మాట ఇదే. షోరూమ్‌లో విని ఉంటారు, లేదంటే యూట్యూబ్‌లో. పూర్తి అబద్ధమేం కాదు, సగం నిజం. మిగతా సగమే లెగ్ గార్డులు, క్లచ్ లివర్లు, ఒక్కోసారి మోకాళ్లు కూడా విరగ్గొడుతోంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్రూయిజర్ సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. వాళ్లదే మీటియర్ 350 అయితే 191. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు అదనం. అరవై స్పీడులో ఆ బస్తాలు నిజంగానే తెలియవు, ఆ వేగంలో బండి తనంతట తానే నిలబడుతుంది. నడక వేగానికి దిగాక మాత్రం దాన్ని నిలబెట్టాల్సింది మీరే. నిటారుగా ఉన్నంతసేపు ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. కాస్త ఎక్కువగా ఒరిగిందా, ఎంత కండ ఉన్నవాడైనా ఆపలేడు. అప్పుడు ఆపే ప్రయత్నం కూడా చేయొద్దు, వదిలేసి పక్కకు జరగండి. లివర్ కొత్తది దొరుకుతుంది.

పడిపోయి మా దగ్గరకొచ్చే పెద్ద బళ్లలో హైవే మీద పడ్డవి తక్కువ. పెట్రోల్ బంకులో, యూటర్న్‌లో, అన్నిటికన్నా ఎక్కువ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. హైదరాబాద్ సెల్లార్ ర్యాంపుల సంగతి తెలిసిందే. నిలువుగా దిగుతుంది, కింద వెంటనే మలుపు, వానొస్తే జారుడు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే బండి తిరిగినవైపే ఒరుగుతుంది. కాలు పెడదామంటే వాలువైపు నేల అందదు. అంతే.

ఆ మధ్య ఓ బ్యాంకు ఉద్యోగి వచ్చారు, యాభై దాటిన మనిషి. కొత్త బండికి అప్పుడే ట్యాంకు సొట్ట. "ఎవరు గుద్దారు సార్?" అంటే కాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఎవరూ లేదు బాబూ, మా సెల్లార్‌లోనే" అన్నారు. సాయంత్రమైతే ఆ ర్యాంపు గుర్తొచ్చి టెన్షనట, అందుకని ఆఫీసుకు మళ్లీ పాత స్కూటర్ మీదే వెళ్తున్నారు. నాలుగు లక్షలు దాటిన బండికి కవరు కప్పి ఉంచారు. ఆయన్ని ఆదివారం ఖాళీ గ్రౌండుకు రమ్మన్నాను. లైసెన్స్ టెస్టులో వేసే ఎనిమిది అంకెనే ఫస్ట్ గేరులో, హాఫ్ క్లచ్‌తో, వెనక బ్రేకు లైట్‌గా తొక్కిపెట్టి వేయించాను. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోట. కొన్ని వారాలకు ర్యాంపు భయం పోయింది. ఆయనకు లేనిది బలం కాదు, ఇది నేర్పేవాళ్లు.

కాబట్టి టెస్ట్ రైడ్ అంటే ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ తిప్పి రావడం కాదు. ఇంజిన్ ఆపి, బండి మీద కూర్చుని కాళ్లతో వెనక్కి నెట్టి చూడండి. ఇరుకులో యూటర్న్ కొట్టండి. వెనక ఇంటావిడను కూర్చోబెట్టుకుని ఓసారి ఆగి, మళ్లీ కదిలించండి. హోండా వాళ్లు గోల్డ్‌వింగ్ అనే భారీ బండికి రివర్స్ పెట్టింది షోకు కోసం కాదు. మీ సెల్లార్‌లో బండి ముఖం కిందికి పెట్టి ఆపితే, పొద్దున మీకు రివర్స్ ఉండదు. ఆపేటప్పుడే తిప్పిపెట్టుకోండి. వాలులో గేరులో ఉంచి స్టాండు వేయండి.

"నేను పొట్టి, నాకు పెద్ద బండి కుదరదు" అని దిగులుపడేవాళ్లకు ఒక్క మాట. సూపర్ మీటియర్ సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు, అదే కంపెనీ గతుకుల దారుల కోసం చేసిన హిమాలయన్ 450కి 825. ఐదడుగుల మూడంగుళాల మనిషికి కూడా క్రూయిజర్ మీద కాళ్లు ఆనతాయి. ఎత్తు గురించి దిగులొద్దు. అలాగని సీటు కిందికుంది కదా తేలికేనని మోసపోవద్దు, బరువు బరువే.

క్రూయిజర్ అంటే నడుము నొప్పి రాదన్నది ఇంకో అపోహ. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటే గుంతలో పడ్డప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడటం కష్టం, దెబ్బంతా వెన్నుకే. సూపర్ మీటియర్ గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లే. ఇద్దరెక్కి, బ్యాగులు కట్టి వెళ్తే ఊళ్లలోని స్పీడ్‌బ్రేకర్లకు బండి అడుగుభాగం తగులుతుంది. మీ దారులు శ్రీశైలం ఘాట్, బెంగళూరు హైవే అయితే సంతోషంగా తీసుకోండి. గతుకుల రోడ్లే ఎక్కువైతే హిమాలయన్ లాంటిది చూడండి.

ఇక మిగతావి. పెద్ద సీసీకి వేరే లైసెన్స్ అక్కర్లేదు, గేర్ల బండి లైసెన్స్ ఉంటే చాలు. 650 ఉన్నా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీదకు రానివ్వరు, టూవీలర్లకు సర్వీసు రోడ్డే. జీఎస్టీ తగ్గిందని ఇంకా అడుగుతున్నారు: 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40. తగ్గింది చిన్న బళ్లకే, పెద్దవాటికి పెరిగింది. మైలేజీ గురించి అడిగేవాళ్లు మాత్రం దయచేసి 350లోనే ఉండిపోండి.