ఎదురెదురు పేజీల్లో రెండు భాషలు: ఇంగ్లీషు ఒకటో తరగతి దాకా ఎలా వచ్చింది

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు సైన్సు పుస్తకమో, లెక్కల పుస్తకమో తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో కనిపిస్తుంది. బైలింగ్వల్ బుక్ అని టీచర్లు పిలుచుకునే ఈ పుస్తకం ఎవరో కూర్చుని ఆలోచించి తయారుచేసిన బోధనా పద్ధతి కాదు. ఒక వివాదం మధ్యలోంచి రాజీగా పుట్టింది. ఆ వివాదం మూలాలు మాత్రం చాలా పాతవి.

స్వాతంత్ర్యం వచ్చాక మాతృభాషలో చదువు అన్నది విధానంగా నిలబడింది. ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా మిగిలింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) అదే. వాక్య నిర్మాణాలను ఒక్కొక్కటిగా పలికించి, తిరిగి చెప్పించి నేర్పే పద్ధతి అప్పట్లో బాగా నడిచింది. 'దిస్ ఈజ్ ఎ బుక్' అంటూ క్లాసంతా ఒకే గొంతుతో అరిచిన తరం ఇప్పటికీ మన మధ్య ఉంది. ఆ పద్ధతిలో లోపాలున్నా ఒక స్పష్టత ఉండేది: పిల్లవాడికి తెలుగు చదవడం, రాయడం వచ్చాకే ఇంగ్లీషు. ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దడం మన పెద్దల్లో చాలామందికి గుర్తే.

తర్వాత ఆ గీత కిందికి జరుగుతూ వచ్చింది. ఆరు నుంచి ఐదుకు, ఐదు నుంచి మూడుకు, చివరికి ఒకటో తరగతికి. ప్రతిసారీ ముందు ప్రకటన, ఆ తర్వాత పుస్తకం, అన్నిటికంటే ఆలస్యంగా టీచరు శిక్షణ. ప్రాథమిక పాఠశాలలో అన్ని సబ్జెక్టులూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరే (ఎస్జీటీ) ఇంగ్లీషు కూడా చెప్పాలి. ఆ టీచరూ తెలుగు మీడియంలోనే చదువుకుని వచ్చి ఉంటారు. తప్పు వాళ్లది కాదు గానీ, ఈ లెక్క ఎవరూ వేసుకోలేదు.

ఇంతలో ప్రైవేటు కాన్వెంట్లు పల్లెల దాకా వచ్చేశాయి. తెలుగు మీడియంలో పది పాసై ఇంటర్లో ఎంపీసీయో బైపీసీయో తీసుకున్న పిల్లలు మొదటి ఏడాదంతా ఇంగ్లీషు పదాలతోనే కుస్తీ పట్టేవారు. తల్లిదండ్రుల టెన్షన్ అంతా అక్కడిదే. వాళ్లు అడిగింది ఇంగ్లీషు రావాలని. వాళ్ల ముందు కనిపించిన దారి మాత్రం ఇంగ్లీషు మీడియం ఒక్కటే. సబ్జెక్టుగా ఇంగ్లీషు బాగా నేర్పడమూ, అన్ని సబ్జెక్టులనూ ఇంగ్లీషులో చెప్పడమూ వేరువేరు పనులని చెప్పేవాళ్లున్నా, ఆ తేడా జనంలోకి వెళ్లలేదు.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ల పేరుతో దాదాపు 6,500 హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచింది. ఆరో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున పెంచుకుంటూ పోయారు. తెలుగు సెక్షన్ పక్కనే ఉండేది. ఎవరికి ఏది కావాలంటే అది. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో కాస్త నెమ్మదిగా, కాస్త ఆలోచించి వేసిన అడుగు ఇదే.

అసలు దుమారం 2019 నవంబరులో లేచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81తో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అంది, ఆ నెలలోనే జీవో 85తో దాన్ని ఒకటి నుంచి ఆరు దాకా అని మార్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండు జీవోలనూ కొట్టేసింది. సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధించాలనే విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 ఆ వాదనల్లో కీలకమైంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తూనే తల్లిదండ్రుల అభిప్రాయాలు సేకరించి, 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రకటించింది. అదే ఏడాది జూలైలో వచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా మాతృభాష అంది, సైన్సు, లెక్కలకు రెండు భాషల పుస్తకాలు ఉండాలనీ అంది. ఈ రెండు వైపుల మధ్య రాజీగా ఎదురెదురు పేజీల పుస్తకం ఆ విద్యా సంవత్సరంలోనే వచ్చింది. తెలంగాణ 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టి, ఇదే రకం పుస్తకాలు అచ్చువేసింది.

నాకున్న అభ్యంతరం పుస్తకం మీద కాదు, అన్ని తరగతులకూ ఒకే అచ్చు వాడటం మీద. ఒకటో తరగతి పిల్లకు రెండు పేజీలూ ఒకటే, ఏదీ చదవలేదు. ఆ వయసులో కావాల్సింది మాటలు, పాటలు, ఆటలు, తెలుగులో ధైర్యంగా నోరు విప్పే అవకాశం. మూడు, నాలుగు తరగతుల్లో తెలుగు చదవడం కుదురుకున్నాక ఎదుటి పేజీకి అర్థం వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మధ్యలోనే ఈ పుస్తకం నిజంగా పనికొస్తుంది: కిరణజన్య సంయోగక్రియ ఏమిటో తెలుగులో అర్థం చేసుకున్న పిల్లకు ఫొటోసింథసిస్ అన్న మాట భయపెట్టదు. తొమ్మిది, పదికి వచ్చేసరికి పుస్తకం సంగతి పరీక్ష తేలుస్తుంది. ఏ భాషలో రాయాలో ఆ పేజీలే నలుగుతాయి.

పుస్తకం లావైపోయి సెమిస్టర్లవారీగా విడగొట్టాల్సి రావడం దీనికి అనుబంధ కథ.

2020లో ఇంగ్లీషు మీడియంలోకి మారిన ఆరో తరగతి పిల్లలు 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో పది పరీక్ష రాశారు. కావాలనుకుంటే తెలుగులోనూ రాయొచ్చని అంతకు కొద్ది నెలల ముందు ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. దాదాపు 5.64 లక్షల మంది ఇంగ్లీషు మీడియంలో, 51 వేల మంది తెలుగు మీడియంలో నమోదయ్యారు. ప్రైవేటు బడుల పిల్లలూ ఈ లెక్కలోనే ఉన్నారు కాబట్టి, దీన్నిబట్టి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కుదురుకుందని గానీ కుదురుకోలేదని గానీ చెప్పలేం.