డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ హెడ్డు మార్చడం: అపోహలు - వాస్తవాలు

కార్బన్ కాపీ బిల్లులు కావాల్సినంత కాలం ఈ పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఎక్కడికీ పోవు, హెడ్డు (సన్నని పిన్నులతో రిబ్బన్ మీద కొట్టి కాగితం మీద చుక్కలు పెట్టే భాగం) మార్చే పనీ పోదు. అయితే రిపేర్‌కి వచ్చేవాటిలో కొత్త హెడ్డు వేయించుకుని దాన్ని కూడా కాల్చుకున్నవి చాలానే ఉంటాయి. పాతది ఎందుకు పోయిందో చూడకుండానే కొత్తది బిగించేస్తారు, అక్కడే వస్తుంది చిక్కంతా.

అపోహ: అక్షరాల మధ్యలోంచి అడ్డంగా తెల్ల గీత వస్తే హెడ్డు పోయినట్టే.

తెల్ల గీత అంటే ఒక పిన్ను చుక్క పెట్టట్లేదని, అంతవరకు నిజం. ఎందుకు పెట్టట్లేదో మాత్రం గీత చూసి చెప్పలేం. ముందు కంప్యూటర్ కేబుల్ పీకేసి సెల్ఫ్ టెస్ట్ (ప్రింటర్ తనంతట తానే కొట్టే టెస్ట్ పేజీ) తియ్యండి, చాలా మోడళ్ళలో లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే చాలు. పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత ఒకేలా ఉంటే హెడ్డు మీద అనుమానపడొచ్చు. అలా కాకుండా ఎడమ పక్క బాగానే పడి కుడి పక్కకి వెళ్ళేసరికి గీత వస్తుంటే, లేదా వస్తూ పోతూ ఉంటే, అది హెడ్డు కాదండీ, హెడ్డుకి వెళ్ళే పట్టీ కేబుల్. హెడ్డుతో పాటు అది కూడా అటూ ఇటూ మడత పడుతూనే ఉంటుంది కదా, లోపల ఒక తీగ చిట్లితే ఒక పొజిషన్‌లో కలుస్తుంది, ఇంకో పొజిషన్‌లో విడిపోతుంది. కేబుల్‌తో పోయేదానికి హెడ్డు కొనడం దండగ.

9 పిన్నుల ప్రింటర్‌లో ఇంకో గుర్తు, అక్షరాలన్నీ బాగుండి అండర్‌లైన్ ఒక్కటే మాయమైతే అది అడుగున ఉన్న పిన్ను. బిల్లు ఫార్మాట్‌లో అడ్డంగా డాష్‌లతో గీతలు కొట్టేవాళ్ళకి మధ్యలో పిన్ను ముందు పోతుంటుంది, ఆ గీత మొత్తం అదే ఒక్క పిన్ను కొట్టాలి మరి.

అపోహ: పాడైందో లేదో తెలియాలంటే ఆ హెడ్డు ఇంకో ప్రింటర్‌లో పెట్టి చూడాలి.

దయచేసి ఈ పని చెయ్యకండి. కాయిల్ (ఒక్కో పిన్నుని కదిపే తీగ చుట్ట) షార్ట్ అయిన హెడ్డు పెడితే ఆ బాగున్న ప్రింటర్‌లో డ్రైవర్ ట్రాన్సిస్టర్ (బోర్డు మీద ఆ కాయిల్‌కి కరెంట్ వదిలే స్విచ్ లాంటిది) కూడా ఎగిరిపోతుంది. ఇది రెండు వైపులా పనిచేసే జబ్బు: షార్ట్ అయిన ట్రాన్సిస్టర్ ఉన్న బోర్డుకి కొత్త హెడ్డు తగిలిస్తే ఆ కాయిల్‌కి కరెంట్ ఆగకుండా వెళ్తూనే ఉంటుంది, పిన్ను బయటికొచ్చి అలాగే ఉండిపోతుంది, కాసేపటికే కాలిన వాసన. ఏమీ ప్రింట్ చెయ్యకుండానే హెడ్డు కదిలినప్పుడు కాగితం మీద నల్ల గీత ఈడ్చుకుంటూ వస్తుంటే వెంటనే ఆఫ్ చెయ్యండి.

మల్టీమీటర్ ఉంటే చాలు. ప్లగ్ తీసేసి, హెడ్డు చల్లారాక (ప్రింట్ అయిన వెంటనే ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది) కామన్ (కాయిల్స్‌కి ఉమ్మడిగా ఉండే కనెక్షన్) నుంచి ఒక్కో పిన్ను కాయిల్ ఓమ్స్ చూసుకుంటూ వెళ్ళండి. అన్నీ దాదాపు ఒకే రీడింగ్ రావాలి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ వస్తే షార్ట్, అసలు రీడింగే రాకపోతే ఓపెన్, అంటే కాయిల్ తెగింది. అన్నీ సమానంగా ఉండి కూడా చుక్క పడట్లేదంటే పిన్ను విరిగిందో, ఇంకు గట్టిపడి ఇరుక్కుందో అయ్యుండొచ్చు. షార్ట్ కనిపిస్తే బోర్డు మీద ఆ పిన్ను ట్రాన్సిస్టర్‌ని పక్కవాటితో పోల్చి కొలిచాకే కొత్త హెడ్డు. పట్టీ కేబుల్ కనెక్టర్‌లోకి వంకరగా దూర్చినా ఇదే షార్ట్ గొడవ.

అపోహ: విరిగిన పిన్ను ఒక్కటి మార్పిస్తే హెడ్డు కొత్తదే.

కొన్నాళ్ళు నడుస్తుంది. కానీ మిగతా పిన్నులు అరిగి పొట్టివయ్యుంటాయి, కొత్తది పొడుగ్గా ఉంటుంది, దాన్ని సమానంగా అరగదీయకపోతే రిబ్బన్‌ని చీల్చేస్తుంది. పైగా హెడ్డు ముక్కు దగ్గర పిన్నులు బయటికొచ్చే గైడ్ రంధ్రాలు సాగిపోయి ఉంటే ఏ పిన్ను వేసినా వంకరగానే కొడుతుంది. 24 పిన్నుల హెడ్డులో పిన్ను మందం 0.2 మిల్లీమీటర్లే, అందులో ఈ బేరం పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ప్రింట్ లేతగా ఉంటే లివర్ జరిపి హెడ్డుని కాగితానికి దగ్గర చెయ్యాలి.

లేతగా వస్తే మార్చాల్సింది రిబ్బన్. లివర్ ఉన్నది కాగితం మందం కోసం. నాలుగు కాపీల సెట్టు పెట్టి లివర్ ఒక కాపీ దగ్గరే ఉంచితే పిన్నులు రిబ్బన్‌లో చిక్కుకుని విరుగుతాయి. ఎండిన రిబ్బన్‌కి స్టాంప్ ప్యాడ్ ఇంకు పోసేవాళ్ళూ ఉన్నారు, రిబ్బన్ ఇంకులో ఉండే నూనే పిన్నులకి గ్రీజులా పనిచేస్తుంది, అది లేకపోతే గైడ్లు అరిగిపోతాయి.

నిలువు గీతలు మెట్లు మెట్లుగా వస్తే హెడ్డు జోలికి వెళ్ళకండి, అది అలైన్‌మెంటో బెల్టు వదులో. పెద్ద ప్రింట్ మధ్యలో ఆగి ఆగి కొడుతుంటే చాలాసార్లు అది హెడ్డు వేడెక్కి తనంతట తాను నెమ్మదించడమే, కాసేపు వదిలెయ్యండి.