కాలేజీలో ట్యూటర్ పని: అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు డిగ్రీ కాలేజీల్లో చాలామంది అధ్యాపకుల చేతిలో ఒక వార్డు జాబితా, అంటే ట్యూటర్‌గా తమకు అప్పగించిన విద్యార్థుల జాబితా ఉంటుంది. ఇరవై ముప్ఫై మంది పేర్లు, ఫోన్ నంబర్లు, తల్లిదండ్రుల సంతకానికి ఒక గడి. వెనుకబడ్డవాళ్ళ కోసం పెట్టే రెమెడియల్ క్లాసుల టైంటేబుల్ నోటీసు బోర్డు మీదే ఉంటుంది. ట్యూటర్ పని ఎలా చేయాలో నేర్పే శిక్షణ మాత్రం అరుదు. పాఠం చెప్పడం వేరు, పాఠం అందని విద్యార్థి పక్కన కూర్చుని తన చేత పని చేయించడం వేరు. రెండోది కూడా సాధనతో వచ్చే విద్యే. దాన్ని నేర్చుకోనివ్వకుండా అడ్డుపడేవి కొన్ని నమ్మకాలు.

అపోహ: సబ్జెక్టు మీద పట్టుంటే చాలు, ట్యూటరింగ్ దానంతట అదే వస్తుంది

పట్టు లేకుండా ఎవరూ ట్యూటర్ కాలేరు, నిజమే. అయితే సబ్జెక్టు బాగా వచ్చినవాళ్ళే ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. విద్యార్థి ఎక్కడ తప్పాడో చూడకముందే సరైన జవాబు చెప్పేస్తారు.

బీకాం మొదటి సెమిస్టర్ జర్నల్ ఎంట్రీ, అంటే ఒక లావాదేవీని ఖాతాల్లో రాసే లెక్క తీసుకోండి. రమణకు 5,000 రూపాయల సరుకు అరువుకు అమ్మాం. ఇంగ్లిష్ ప్రశ్నలో ‘ఆన్ క్రెడిట్’ అని ఉంటుంది. ఆ మాట కంటపడగానే రమణ ఖాతాను క్రెడిట్ చేసేవాళ్ళు చాలామంది. ‘కాదు, రమణ డెబిట్, అమ్మకాలు క్రెడిట్’ అని ట్యూటర్ దిద్దేస్తే నోట్సు సరవుతుంది, ఆలోచన సరికాదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, తర్వాతి ప్రశ్న ‘గోపాల్ దగ్గర అరువుకు సరుకు కొన్నాం’ అని వస్తే అదే తప్పుడు సూత్రం సరైన జవాబు తెచ్చిపెడుతుంది. గోపాల్ ఖాతా నిజంగానే క్రెడిట్ అవ్వాలి కదా. టిక్ పడుతుంది, తప్పు గట్టిపడుతుంది.

కాబట్టి ముందు అడగాల్సింది ‘రమణను ఎందుకు క్రెడిట్ చేశావు?’ అని. ప్రశ్నలో ఆ మాట ఉంది కాబట్టి అని జవాబు వస్తే జబ్బు దొరికినట్టే. ఆ తర్వాత: ‘సరుకు ఎవరి చేతికి వెళ్ళింది? పుచ్చుకున్నవారి ఖాతాను ఏం చేయాలి?’ చివరికి ఒక అమ్మకం, ఒక కొనుగోలు పక్కపక్కన పెట్టి, రెండింటికీ కారణం నోటితో చెప్పించాలి.

దీన్ని శిక్షణగా మార్చడం కష్టమేమీ కాదు. ఒక మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ అంతా కూర్చుని పాత ఇంటర్నల్ జవాబు పత్రాలు ముందేసుకోవాలి. ఒక్కో పేపర్‌కు పది పన్నెండు తరచూ వచ్చే తప్పులు రాసుకుని, ఒక్కొక్క తప్పు పక్కన ‘విద్యార్థి ఏమనుకుని ఇలా రాసి ఉంటాడు, ఏ ప్రశ్న అడిగితే అది బయటపడుతుంది’ అని నింపాలి. మాకు తెలిసినంతలో ట్యూటర్లకు ఇంతకంటే పనికొచ్చే కాగితం లేదు.

40 నిమిషాల సెషన్‌ను ఇలా విడగొట్టవచ్చు. మొదటి 5 నిమిషాలు, పోయినసారి ఇచ్చిన పని నోట్సు చూడకుండా చేయించడం. తర్వాత 10 నిమిషాలు విద్యార్థి లెక్క చేస్తుంటే ట్యూటర్ మాట్లాడకుండా చూడటం. 15 నిమిషాలు ఆగిపోయిన చోట ప్రశ్నలు. 8 నిమిషాలు అదే తరహా కొత్త లెక్క. ఆఖరి 2 నిమిషాలు వచ్చేసారికి పని. పెన్ను మొదటి నుంచి చివరి దాకా విద్యార్థి చేతిలోనే ఉండాలి. అది ట్యూటర్ చేతికి మారిందంటే సెషన్ మళ్ళీ క్లాసైపోయింది.

గుంపు ఐదారుగురు దాటకూడదు. అరవై మందిని కూర్చోబెట్టి నడిపే రెమెడియల్ క్లాసు అదే పాఠాన్ని రెండోసారి చెప్పడమే. మొదటిసారి అందనిది ఎక్కువమందికి రెండోసారీ అందదు.

అపోహ: ‘అర్థమైందా?’ అని అడిగితే తెలిసిపోతుంది

తెలియదు. తల ఊపడం మన దగ్గర మర్యాద కూడా. ‘ఇప్పుడు నువ్వు నాకు చెప్పు’ అనండి, లేదా అంకెలు మార్చి లెక్క ఇవ్వండి. అడిగాక ఆగండి. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతులు గమనించి తేల్చినదేమిటంటే, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు, అంతకు మించి ఆగితే జవాబులు పొడవవుతాయి, ‘తెలీదు’ అనేవాళ్ళు తగ్గుతారు. ఆ మూడు సెకన్లు ఆగడం ఎంత కష్టమో ఫోన్‌లో గొంతు రికార్డు చేసి వింటే తెలుస్తుంది. విద్యార్థి అనుమతి తీసుకున్నాకే రికార్డు చేయాలి.

అపోహ: ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు పూర్తయ్యాయి, శిక్షణ అయిపోయినట్టే

అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలై, హెచ్‌ఆర్‌డీసీలుగా పేరు మారి, 2023 నుంచి మాలవీయ మిషన్ కింద నడుస్తున్న అధ్యాపక శిక్షణ కేంద్రాల కోర్సులు అవసరమే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పదోన్నతికి అవి కావాలి. విషయపరిజ్ఞానం, కొత్త పరిచయాలు, ఆలోచనలు అక్కడ దొరుకుతాయి. కానీ విన్నది మన గదిలో అలవాటుగా మారాలంటే వినడం ఒక్కటే సరిపోదు. అధ్యాపక శిక్షణ మీద పరిశోధించిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచీ చెప్పింది ఇదే. సిద్ధాంతం, ప్రదర్శన, సాధన జరిగాక కూడా పని చేసే చోట తోటివారి కోచింగ్ ఉంటేనే నేర్చుకున్నది నిలుస్తుంది.

దానికి తగిన పనిముట్టు బీఈడీ చదివినవాళ్ళందరికీ తెలుసు. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన మైక్రోటీచింగ్, అంటే ఒక్క నైపుణ్యాన్ని కొద్ది నిమిషాల పాఠంగా చేసి, అభిప్రాయం విని, మళ్ళీ చేయడం. మన దేశంలో వాడే చక్రం 36 నిమిషాలు: 6 బోధన, 6 అభిప్రాయం, 12 మళ్ళీ ప్రణాళిక, 6 మళ్ళీ బోధన, 6 మళ్ళీ అభిప్రాయం. డిగ్రీ కాలేజీ అధ్యాపకుల్లో చాలామందికి బీఈడీ ఉండదు కాబట్టి ఇది వాళ్ళ దాకా రాలేదు. ట్యూటరింగ్‌కు దీన్నే మలుచుకోవచ్చు. ముగ్గురు కూర్చోండి. ఒకరు ట్యూటర్, ఒకరు పైన చెప్పిన తప్పుల కాగితం నుంచి ఒక తప్పు పట్టుకున్న విద్యార్థి, ఒకరు పరిశీలకులు. ఒక చక్రంలో ఒకే నైపుణ్యం: ఆగడం, లేదా ‘ఎందుకు’ అని అడగడం, లేదా చివరి పని ఇవ్వడం. పరిశీలకులు లెక్కపెట్టేవి రెండే: ట్యూటర్ ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎవరు ఎంతసేపు మాట్లాడారు. ‘బాగా చెప్పారు సార్’ అనడం అభిప్రాయం కిందికి రాదు.

సెమిస్టర్ మొదలయ్యే ముందు రెండు పూటలు, ఆ తర్వాత పదిహేను రోజులకొక గంట చాలు. పరిశీలన పత్రం ప్రిన్సిపాల్ ఫైల్లోకి గానీ పనితీరు అంచనాలోకి గానీ వెళ్ళకూడదు. వెళ్ళిన రోజు నుంచీ అందరూ తమకు బాగా వచ్చిన పాఠమే చేసి చూపిస్తారు.

అపోహ: కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ముందు ఆ రకం కనుక్కోవాలి

ఎన్నో వర్క్‌షాపుల్లో ఇంకా ఇదే చెబుతున్నారు. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం ఈ విషయం మీది అధ్యయనాలను పరిశీలించి, విద్యార్థి ‘శైలి’కి తగ్గట్టు బోధిస్తే ఫలితం పెరుగుతుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. ఆ ప్రశ్నావళులకు పెట్టే సమయం చిన్న చిన్న పరీక్షలకు పెట్టండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత ముందుండగా, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్ళు వారం తర్వాత ముందున్నారు.

అపోహ: డిగ్రీ ఇంగ్లిష్ మీడియం, కాబట్టి ట్యూటర్ తెలుగు మాట్లాడకూడదు

రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్ళు నేరుగా ఆ తరగతుల్లో కూర్చుంటున్నారు. ఇక నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు. కుప్పంలో తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి. వాళ్ళకు ఇంగ్లిష్ మూడో భాష, కొందరికి నాలుగోది.

తెలుగులో మొత్తం చెప్పేసి వదిలేయడం ఒక తప్పు, ఇంగ్లిష్‌లోనే లాగించడం ఇంకో తప్పు. మొదటిదాంట్లో విషయం అర్థమవుతుంది కానీ పరీక్షలో కలం కదలదు. రెండోదాంట్లో బట్టీ పడతారు. మధ్య దారి ఇది. ముందు విద్యార్థి తనకు వచ్చిన భాషలో భావం చెప్పాలి. తర్వాత ఆ భావంలోని ఐదారు సాంకేతిక పదాలను ఇంగ్లిష్‌లో పలికించి, రాయించాలి. ఆ పదాలతో నాలుగు చిన్న ఇంగ్లిష్ వాక్యాలు తనే రాయాలి. అప్పుడే ట్యూటర్ దిద్దాలి, అదీ భావం మారిపోయే తప్పులు మాత్రమే. అన్ని వ్యాకరణ దోషాలకూ ఎర్ర సిరా పూస్తే ఆ విద్యార్థి వచ్చే వారం రాడు.

ప్రశ్న చదవడం కూడా నేర్పాల్సిన పనే. ‘డిఫైన్’, ‘డిస్టింగ్విష్’, ‘జస్టిఫై’ అనే మాటలు ఒక్కొక్కటి ఏం రాయమంటున్నాయో పాత ప్రశ్నపత్రాలతో ఒక గంట సాధన చేయిస్తే, విషయం తెలిసీ మార్కులు పోగొట్టుకునేవాళ్ళు తగ్గుతారు.

అపోహ: రానివాళ్ళకు ఆసక్తి లేనట్టు

ముందు బస్సు టైము అడగండి. పల్లెల నుంచి మబ్బులోనే బయలుదేరి వచ్చేవాళ్ళకు సాయంత్రం నాలుగు తర్వాతి క్లాసు అంటే ఊరి బస్సు తప్పిపోవడమే. తిరుపతిలో హోటళ్ళలో, షాపుల్లో పార్ట్‌టైం చేసేవాళ్ళుంటారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో వాళ్ళకు సెలవు దొరకదు. ట్యూటర్ గంట టైంటేబుల్ మధ్యలో పడాలి, ఉదయం రెండో పీరియడ్‌లోనో, భోజనానికి ముందో.

హాజరు లెక్క కూడా ముందే చేసి చూపాలి. సెమిస్టర్‌లో 90 పనిదినాలనుకుంటే 75 శాతం అంటే 68 రోజులు. మానడానికి వీలున్నవి 22. మొదటి 30 రోజుల్లోనే 12 పోతే, మిగిలిన 60 రోజులకు ఉన్నవి 10. ఈ మాట నెలాఖరున చెబితే పనికొస్తుంది, హాల్ టికెట్ల వేళ చెబితే ఎందుకూ పనికిరాదు.

సప్లిమెంటరీలున్నవాళ్ళనే విడిగా పిలిచినా రారు, నలుగురిలో ఆ ముద్ర ఎవరికీ ఇష్టం ఉండదు. 1973లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీలో మొదలైన సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి ఇందుకే వెనుకబడ్డ విద్యార్థులను కాక, ఎక్కువమంది తప్పే పేపర్‌ను ఎంచుకుంటుంది. ఆ పేపర్ రాసే వాళ్ళెవరైనా రావచ్చు.

అపోహ: సీనియర్ విద్యార్థులను ట్యూటర్లుగా పెడితే శిక్షణ అక్కర్లేదు

మూడో సంవత్సరం పిల్లలు మంచి ట్యూటర్లవుతారు, కానీ ఊరికే కాదు. అమెరికాలోని కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్ మొదటి స్థాయి ట్యూటర్ సర్టిఫికెట్‌కు కనీసం 10 గంటల శిక్షణ, 25 గంటల ట్యూటరింగ్ అడుగుతుంది. ఇక్కడా ఆ కొలత పెట్టుకోవచ్చు. జూనియర్ల రికార్డు పుస్తకాలు వాళ్ళ బదులు రాసిపెట్టకూడదని మొదటి రోజే చెప్పాలి. స్నేహం కొద్దీ ముందు జరిగేది అదే. ప్రతి సెషన్ తర్వాత నాలుగు లైన్లు రాయించండి: ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగారు, ఏం చేశాక కదిలారు, వచ్చేసారికి ఏమిటి. వార్డు పుస్తకంలో ‘సంతృప్తికరం’ అని వరసగా నింపితే కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందానికి చూపడానికి పనికొస్తుందేమో, తర్వాత కూర్చునే ట్యూటర్‌కు పనికిరాదు.

అపోహ: మంచి ట్యూటర్ అన్ని సమస్యలూ తనే తీర్చాలి

నిద్ర లేకపోవడం, హఠాత్తుగా ఎవరితోనూ మాట్లాడకపోవడం, చనిపోవాలన్న మాట: ఇవి చదువు సమస్యలు కావు. ట్యూటర్ విని, కొట్టిపారేయకుండా, ఒంటరిగా వదలకుండా, కౌన్సెలర్ దగ్గరికి తానే తోడు వెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. ప్రాణానికి ముప్పుంటే చెప్పక తప్పదని మొదటే చెప్పండి. ఆ మాటలు నోటికి రావడానికి కూడా ముగ్గురు కూర్చుని రెండు మూడుసార్లు సాధన చేయాలి, మరుసటి రోజు ఎవరు ఫోన్ చేసి కనుక్కోవాలో పేరుతో సహా రాసి పెట్టుకోవాలి.