పాత బజారును కాపాడుకోవడం: ఎదురైన అపోహలు, తెలిసిన వాస్తవాలు

"ఏమ్మా, మా కొట్టు మీద బోర్డు పెడతారా, కొట్టే లాగేసుకుంటారా?"

టేపు, నోటుబుక్కు పట్టుకుని ఏ ఊరి మెయిన్ బజారులోకి వెళ్ళినా మొదటి గంటలో ఎవరో ఒకరు ఇలా అడుగుతారు. నేను పాత కట్టడాల పరిరక్షణ పని చేసే ఆర్కిటెక్టుని. కోటల్లో, గుళ్ళలో పనిచేసేవాళ్ళు వేరే ఉన్నారు. నా పనంతా చిన్న పట్టణాల నడిబొడ్డున ఉండే పాత వీధుల్లో. కింద కొట్టు, పైన కాపురం ఉండే మేడలు, బెంగుళూరు పెంకు వసారాలు, అరుగులు, సత్రాలు, గంటస్తంభం చుట్టూ అల్లుకున్న దుకాణాలు. ఇన్నేళ్ళలో ఈ వీధులను వాన కంటే, చెద కంటే ఎక్కువగా తిన్నవి కొన్ని నమ్మకాలు. అందుకే వాటి గురించి రాస్తున్నాను.

అపోహ: వారసత్వం అంటే గుడి, కోట, రాజుగారి మేడ. కిరాణా కొట్లకు అంత సీనేముంది?

వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనం చూడండి. 1918లో ఊళ్ళో కుర్రవాళ్ళు కలిసి మొదలుపెట్టిన గ్రంథాలయం అది. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. రాజు కట్టించింది కాదు. అయినా తెలుగువాళ్ళ చరిత్ర రాసేవాళ్ళు దాన్ని దాటి వెళ్ళలేరు. 2017లో అహ్మదాబాద్ పాతనగరం ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళినప్పుడు లెక్కలోకి వచ్చినవి మసీదులు, కోటగోడ మాత్రమే కావు. పోళ్ళు అని అక్కడివాళ్ళు పిలిచే ఇరుకు వీధులు, వాటిలో జనం కాపురముంటున్న చెక్క ఇళ్ళు కూడా.

బజారు వీధిని ఒక్కో ఇల్లుగా చూస్తే నిజంగానే గొప్పగా కనిపించదు. దాని విలువ వరుసలో ఉంది. ఎడమ కొట్టుకీ కుడి కొట్టుకీ ఒకటే ఉమ్మడి గోడ. చూర్లు ఒకే ఎత్తున సాగి, ఎండలో ఒక చివర బయలుదేరిన మనిషి రెండో చివర దాకా నీడలోనే నడుస్తాడు. అరుగులు కొనేవాళ్ళకి కూర్చునే చోటు, రాత్రి బాటసారికి పడుకునే చోటు. మధ్యలో ఒకరు పడగొట్టి నాలుగంతస్తులు లేపితే పోయేది ఒక ఇల్లు కాదు. పక్కవాళ్ళ గోడ, కట్టినప్పటి నుంచీ వాన ఎరగనిది, ఒక్కసారిగా వానకి ఎదురు నిలబడుతుంది. ఇలా విడిపోయిన గోడ మూడు వానాకాలాలు తిరక్కుండానే పగుళ్ళు ఇవ్వడం నేను చూశాను. ఆ ఇంటాయన తనది పాతదై బలం తగ్గిందనుకున్నాడు.

అపోహ: జాబితాలో పేరెక్కితే అమ్ముకోలేం, మేకు కూడా కొట్టుకోలేం

ఈ భయం ఊరికే రాలేదు. మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి వచ్చింది.

మొదటిది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. దానికి 1958 చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ తర్వాత ఆ కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, అది దాటాక ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. మీ కొట్టు ఆ హద్దుల్లో ఉంటే మీ ఇబ్బంది నిజమే. రెండోది, రాష్ట్ర రక్షిత కట్టడం. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది, తెలంగాణ 2017లో సొంతంగా చట్టం చేసుకుంది. మూడోది, ఊరి ప్లానింగ్ నియమాల్లో చేర్చే వారసత్వ భవనాల జాబితా. ముంబై, హైదరాబాద్ 1995లో ఇలాంటి నియమాలు తెచ్చుకున్నాయి.

బజారు ఇళ్ళకు సరిపోయేది ఈ మూడోదే. ఇందులో ఇల్లు మీదే. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, పిల్లలకు పంచొచ్చు. కూల్చాలన్నా, ముందు భాగం రూపు మార్చాలన్నా అడిగి చెయ్యాలి. లోపల వంటగది, స్నానాలగది మార్చుకోవడానికి మామూలుగా పెద్ద అడ్డంకి ఉండదు.

అయితే యజమానికి నష్టమే లేదని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. పక్కవాడు నాలుగంతస్తులు వేసుకుంటే ఇతను ఒక అంతస్తుతో ఆగిపోవాలి. ఆ తేడా డబ్బే. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్ళకు ఇచ్చే టీడీఆర్ బాండు, అంటే పోయినదానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కో, దాన్ని ఇంకొకరికి అమ్ముకునే హక్కో, మన మున్సిపాలిటీలకు కొత్త కాదు. ముంబై నియమాల్లో వారసత్వ భవనం యజమానికి కూడా అలాంటి వీలుంది. మన చిన్న పట్టణాల్లోనూ అది రావాలి. పాత వీధిని ఊరంతా చూసి మురిసిపోతూ, ఖర్చు మాత్రం ఒక్క కుటుంబం నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

అపోహ: పాత గోడ బలం తగ్గింది, సిమెంటుతో గట్టిగా పూస్తే ఇంకో వందేళ్ళు ఉంటుంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే నమ్మకం ఇది. ఎందుకంటే ఇల్లంటే ప్రేమ ఉన్నవాళ్ళే, అప్పు చేసి మరీ, ఈ పని చేయిస్తారు.

పాత ఇటుక మెత్తటిది. దాన్ని పట్టి ఉంచింది గానుగ సున్నం. సున్నం, ఇసుక కలిపి గానుగలో రాతిచక్రం కింద ఎద్దులతో తిప్పించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసి చేసిన గార. నేలలోని చెమ్మ ఈ గోడల్లోకి ఎక్కుతుంది. ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి మెల్లగా బయటికి ఆరిపోతుంది. గోడ ఊపిరి పీలుస్తుందని మేస్త్రీలు అనేది ఈ సంగతినే. దానిమీద సిమెంటు పూత వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి ఇంకా పైకి ఎక్కుతుంది. తనతో తెచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఇటుకను పొడి చేస్తుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇది మరీ వేగం. బయటికి గోడ నున్నగా, గట్టిగా కనిపిస్తుంది. వేలితో తట్టితే డొల్ల చప్పుడు. ఒకసారి అలాంటి పూత ఊడదీయిస్తుంటే వెనక ఇటుక బదులు ఎర్రటి పిండి జారింది. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. పదేళ్ళ కిందట పూత వేయించింది ఆవిడే.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. తడిసిన గోడలో దూలం కొస కూర్చునే చోటు. బర్మా టేకు నడుమ ఎక్కడా చెదిరి ఉండదు, గోడలోకి దిగిన జానెడు మాత్రం కుళ్ళిపోతుంది. పాత మేడ ఎక్కితే ముందుగా స్క్రూడ్రైవరుతో ఆ కొసలు గుచ్చి చూస్తాను. కొసే కుళ్ళితే దూలమంతా తీసేయక్కర్లేదు. కుళ్ళిన మేరకు కోసి, మంచి వడ్రంగి కొత్త కర్ర అతికిస్తాడు, లేదా కింద ఇనుప ఆసరా పెడతాడు.

పాత మేడ కూలిందంటే తొంభై పాళ్ళు నీళ్ళ పని అని నా అనుభవం. డాబా మీద నీళ్ళు పోయే తూము పూడిపోవడం, పగిలిన పెంకు మార్చకపోవడం, గోడ పక్కనే కాలువ నిలిచిపోవడం. చూరు మీద రావి మొక్క మొలిస్తే వేలెడున్నప్పుడే పీకేయాలి. వేళ్ళు గోడలో దిగాక బలంగా లాగితే ఇటుకలతో సహా వస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చేదాకా ఓపిగ్గా చూసుకుని, ఆ తర్వాత సున్నంతో పూడ్చాలి. పుదుచ్చేరి సముద్రతీరాన ఫ్రెంచివాళ్ళ నాటి మేరీ భవనం, వాళ్ళ పురపాలక మందిరం, 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. మళ్ళీ అదే రూపంలో కట్టి 2021లో తెరిచారు. చక్కగా ఉంది. కానీ నిలబడి ఉన్నప్పుడు ఏటేటా పైకప్పు మీద పెట్టాల్సిన ఖర్చు ఎంత, తిరిగి కట్టడానికి అయిన ఖర్చు ఎంత అన్నది నా మనసులోంచి పోదు.

ఈ మధ్య మేస్త్రీలు సున్నం పని నేర్చుకోవడానికి ముందుకొస్తున్నారు. వాళ్ళకి నేను చెప్పే జాగ్రత్త: కొట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న సున్నం బస్తా కొనొద్దు. గాలి తగిలి అది అప్పటికే చచ్చి ఉంటుంది.

అపోహ: వీధి మొత్తానికి ఒకే రంగు వేసి, పాతకాలం దీపస్తంభాలు పెడితే పరిరక్షణ అయిపోయినట్టే

కాదు. రంగు కింద గోడ తడిగానే ఉంటుంది. పైగా ప్లాస్టిక్ పెయింటు కూడా సిమెంటు చేసే పనే చేస్తుంది. సున్నం వేయండి, కావాలంటే అందులోనే రంగు కలపండి. దీపాలకు పెట్టే డబ్బుతో ముందు ఫ్లెక్సీలు, కొట్ల ముందు బిగించే ఏసీపీ (అల్యూమినియం) షీట్లు తీయించండి. వాటి వెనక చెక్క బాల్కనీలు, గచ్చుతో చేసిన పూలతీగెలు చెక్కుచెదరకుండా ఉన్న సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి.

అపోహ: యునెస్కో వాళ్ళకి ఒక ఉత్తరం రాస్తే గుర్తింపు వస్తుంది

ప్రపంచ వారసత్వ జాబితాకు ఊరు గానీ సంఘం గానీ దరఖాస్తు పెట్టలేదు. దేశమే పెట్టాలి. అంతకుముందు కనీసం ఏడాది పాటు తాత్కాలిక జాబితాలో ఉండాలి. తమిళనాడులో పెద్ద పెద్ద పాత మేడలుండే చెట్టినాడు ఊళ్ళు 2014లోనే ఆ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఈలోగా అక్కడ ఎన్ని ఇళ్ళ తలుపులు, స్తంభాలు కారైక్కుడి పాతసామాను కొట్లలో అమ్ముడుపోయాయో ఆ కొట్లు చూసినవాళ్ళకి తెలుసు. పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన ఇల్లు నిలబడదు.

మనకు అందే గుర్తింపులు వేరే ఉన్నాయి. యునెస్కో 2000 నుంచీ ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో బాగా చేసిన పరిరక్షణ పనులకు పురస్కారాలు ఇస్తోంది. ఇది చేసి చూపించిన పనికి ఇచ్చేది. కట్టడం ప్రైవేటుదైనా ఫర్వాలేదు. కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోట ఒక కుటుంబం చేతిలో ఉన్నది, 2022లో ఆ పురస్కారం అందుకుంది. పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి నాకు ఇంకా దగ్గరి ఉదాహరణ. తమిళుల పేటలో మామూలు కుటుంబాల వీధి. ఇంటాక్ (వారసత్వ పరిరక్షణ కోసం పనిచేసే జాతీయ స్వచ్ఛంద సంస్థ) వాళ్ళు ఇంటి యజమానులను కలుపుకుని, తిన్నెలు, పంచలు, ముందు గోడలు వరుసగా బాగుచేయించారు. 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. తిన్నె అంటే మన అరుగే. మన ఊళ్ళలో అలాంటి వీధులు లేవా?

భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అక్కడ మగ్గాలు ఆడుతున్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తేనే వ్యాపారం పుంజుకుంటుంది

పాత బజారు కొట్ల లోతు తక్కువ. ముందు నుంచి పదడుగులు కొడితే మిగిలేది కొట్టు కాదు, అలమారా. అరుగు పోతుంది, నీడ పోతుంది, ఆగి చూసే మనిషి పోతాడు. మిగిలిన వెడల్పులో బళ్ళు ఆపుతారు. లారీలకు బైపాసు, సరుకు దించడానికి తెల్లవారుజామున వేళలు, వీధి చివర బళ్ళు ఆపుకునే చోటు, ఇవి ముందు చేసి చూడాలి. కొట్టేస్తే వెనక్కి తేలేం.

అమెరికాలో 1977లో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ మూడు చిన్న పట్టణాల పాతబజార్లలో ఒక ప్రయోగం చేసింది: గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్. ఒక్కో ఊరికి పూర్తికాలం మేనేజరును పెట్టారు. ఆ మనిషి పని దుకాణదారులను ఒకచోట కూర్చోబెట్టడం, ఖాళీ కొట్లకు అద్దెదారులను వెతకడం, ముందు గోడల మరమ్మతు చూడడం. అక్కడి నుంచే మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం వందల ఊళ్ళకు పాకింది. మన మున్సిపాలిటీల్లో వీధి ఊడ్చేవాళ్ళున్నారు, పన్ను వసూలు చేసేవాళ్ళున్నారు. బజారు బాగోగులు చూసే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

అపోహ: మా వీధి ఎప్పటిదో చెప్పే ఆధారాలేమీ లేవు

ఉన్నాయి, మీ నెత్తిమీదే. ఒక పెంకు తీసి వెనక్కి తిప్పండి. ఫ్యాక్టరీ పేరు ఉంటుంది. కొన్నిటి మీద బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పేరు, 1865 అంకె కనిపిస్తాయి. అది మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది, మీ ఇల్లు కట్టిన ఏడాది కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. కామన్వెల్త్ ట్రస్ట్ పేరుంటే ఆ పెంకు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతది, ఎందుకంటే బాసెల్ మిషన్ ఫ్యాక్టరీలు అప్పుడే ఆ ట్రస్టు చేతికి మారాయి. ఇనుప దూలాల మీద డోర్మన్ లాంగ్ అని కంపెనీ పేరు ఉంటే అవి ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినవి. ఇక దస్తావేజులు, పాత ఇంటిపన్ను రసీదులు, కొట్టు ప్రారంభోత్సవం ఫొటోలు, అద్దె చీటీలు. ఇవి చాలావరకు ఆఫీసుల్లో దొరకవు, మీ బీరువాల్లో దొరుకుతాయి.

ఇంటికో కాగితం చాలు: తలుపు నంబరు, ఎవరు కట్టించారు, ఎప్పుడు, దేంతో, ఇప్పుడు లోపల ఏం జరుగుతోంది, ఏది పాడైంది, ముందు నుంచి ఒక ఫొటో. నలభై కొట్ల వీధికి నలభై కాగితాలు. ఇవి చేతిలో ఉంటే మున్సిపాలిటీతో, ఇంటాక్‌తో, రాష్ట్ర వారసత్వ శాఖతో, ఏ పురస్కారం కమిటీతోనైనా మాట్లాడొచ్చు. లేకపోతే ఎవరొచ్చినా చూసి, బాగుందని వెళ్ళిపోతారు.

ఫొటోలకి పొద్దున్న ఆరింటికి వెళ్ళండి. అప్పటికి బళ్ళు రావు, ఫ్లెక్సీల మీద వెలుతురు పడదు, పై అంతస్తులు కనిపిస్తాయి. టీకొట్టు మాత్రం తెరిచే ఉంటుంది. ఎవరిల్లు ఎవరిదో ఆ టీకొట్టాయనకు తెలుసు, ఆయన్ని పక్కన నిలబెట్టుకుని రాసుకోండి.