ధ్రువాల మంచు లెక్కలో 1991 నాటి అతుకు

ధ్రువాల దగ్గర సముద్రపు మంచు ఎంతుందో ఉపగ్రహాలతో వేసే లెక్క మళ్లీ వివాదంలో పడింది. ఈ లెక్కకు ఆధారమైన తన వాతావరణ ఉపగ్రహాల డేటాను అమెరికా రక్షణ శాఖ ఆపేస్తున్నట్టు 2025 జూన్ చివర్లో, అదీ కొద్ది రోజుల ముందు మాత్రమే, చెప్పింది. సైబర్ భద్రత కారణమంది. శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక ముందు ఒక నెల, తర్వాత 2026 సెప్టెంబరు దాకా గడువు పెంచింది. ఈలోగా కొలరాడోలోని నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్, జపాన్ ఉపగ్రహం మీదున్న ఏఎంఎస్ఆర్-2 సెన్సర్‌కు మారిపోయింది. పరికరమే మారాక పాత గ్రాఫ్‌ను ఎలా నమ్మాలని విమర్శకులు అడుగుతున్నారు.

1978లో నింబస్-7 అనే అమెరికా ఉపగ్రహంతో ఈ లెక్క మొదలైంది. ఇప్పటి గొడవకు మూలం 1991 డిసెంబరులో ఉంది. రక్షణ శాఖ ఉపగ్రహాల్లో ఎఫ్-8 నుంచి ఎఫ్-11కు లెక్క మారింది అప్పుడే. రెండు ఉపగ్రహాల డేటాను కలిపిన ఆ చోటే అతుకు. రెండూ కలిసి చూసిన కాలం సుమారు రెండు వారాలు. అంతకుముందు 1987లో నింబస్-7 నుంచి ఎఫ్-8కు మారినప్పుడు కూడా దాదాపు ఆరు వారాలే దొరికాయి. అందులోనూ నింబస్ సెన్సర్ రోజు విడిచి రోజే పనిచేసేది.

ఈ సెన్సర్లు మంచును నేరుగా కొలవవు. సముద్రం నుంచి వచ్చే మైక్రోవేవ్ సంకేతాలను పట్టుకుంటాయి. నీరు ఎంత సంకేతమిస్తుంది, మంచు ఎంతిస్తుంది అన్నది ముందే నిర్ణయించుకుని, మధ్యలో వచ్చే విలువను బట్టి మంచు శాతం కడతారు. 25 కిలోమీటర్ల గడిలో మంచు 15 శాతం దాటితే గడి మొత్తం, అంటే 625 చదరపు కిలోమీటర్లు, విస్తీర్ణంలో చేరుతుంది. 14 శాతమైతే సున్నా. కొత్త సెన్సర్ ఒక పిసరు ఎక్కువ చూపించినా మంచు అంచు పొడవునా గడులు అటూ ఇటూ అయిపోతాయి. పాత తక్కెడను, కొత్త తక్కెడను పక్కపక్కన పెట్టి ఒకే సరుకు తూచినట్టు రెండు సెన్సర్లనూ సరిచూడాలి. దానికి రెండు వారాలు ఏ మూలకి?

దీని ఫలితం 2014లో బయటపడింది. అంటార్కిటికా మంచులో చెప్పుకోదగ్గ మార్పు లేదని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2007 నివేదిక అంటే, పెరుగుతోందని 2013 నివేదిక చెప్పింది. శాస్త్రవేత్తలు ఇయాన్ ఐసెన్‌మన్, వాల్ట్ మైయర్, జోయల్ నోరిస్ ఆరా తీస్తే, మధ్యలో సంకేతాల నుంచి మంచు శాతం కట్టే బూట్‌స్ట్రాప్ అనే అల్గారిదం కొత్త వెర్షన్ వచ్చిందని తేలింది. పాత, కొత్త వెర్షన్ల మధ్య తేడా సరిగ్గా 1991 డిసెంబరు దగ్గర మెట్టులా కనిపించింది. తప్పు ఏ వెర్షన్‌దన్నదే ప్రశ్న. అల్గారిదం రూపకర్త జోసెఫినో కొమిసో బృందం మెరుగుపరచిన డేటాతో 2017లో మళ్లీ లెక్కగట్టి, పెరుగుదల నిజమేనని చూపింది. ఈలోగా ప్రకృతి వేరే దారి పట్టింది. 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటిన అంటార్కిటికా మంచు, 2023 ఫిబ్రవరి కనిష్ఠంలో 18 లక్షలకు కాస్త తక్కువే మిగిలింది. శీతాకాలం గరిష్ఠాన్ని వేసవి కనిష్ఠంతో పోల్చకూడదు, నిజమే. కానీ ఒకటి గరిష్ఠాల్లో రికార్డు, రెండోది కనిష్ఠాల్లో రికార్డు.

"అతుకులున్నాయి కాబట్టి అంతా కల్పితం" అనేవారు ఒక సంగతి వదిలేస్తున్నారు. అంటార్కిటికాలో ట్రెండ్ అప్పట్లో చాలా చిన్నది. అందుకే ఆ అతుకు అంత పెద్దదిగా కనిపించింది. ఆర్కిటిక్ సంగతి వేరు. 1980ల్లో సెప్టెంబరులో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లుండే మంచు, ఈమధ్య చాలా ఏళ్లలో 50 లక్షల లోపే ఉంటోంది. 2012లో 34 లక్షలకు పడిపోయింది. ఏ అతుకు సర్దినా అంత తేడా రాదు.

ఈసారి మార్పుకు 1991 నాటి ఇబ్బంది లేదు. ఏఎంఎస్ఆర్-2 2012లోనే కక్ష్యలోకి వెళ్లింది. అంటే పాత సెన్సర్లతో పోల్చుకోవడానికి పదేళ్లకు పైగా ఉమ్మడి డేటా ఉంది. అయితే అది ఐదేళ్ల కోసం చేసిన పరికరం. దాని వారసుడు ఏఎంఎస్ఆర్-3ను జపాన్ 2025 జూన్‌లో ప్రయోగించింది. పాతది పనిచేస్తున్నంత కాలమే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూడగలం.