గోగునార వెనుక 1949 నాటి ముడి

విజయనగరం జిల్లా జూట్ మిల్లుల్లో ముడిసరుకు చాలడం లేదన్న మాట మళ్లీ మొదలైంది. ఈ మాట వినబడిన ప్రతిసారీ ముందుగా ఒక షిఫ్టు తగ్గుతుంది, తర్వాత గేటు మీద కాగితం అంటుకుంటుంది, ఆ పైన వరి కోతలు ముగిసి ధాన్యం కల్లాల్లోకి వచ్చాక గోనె సంచులు లేవని శ్రీకాకుళం రైతు రోడ్డెక్కుతాడు. ఈసారి వాదనలో కొత్తగా చేరిన పేరు బంగ్లాదేశ్. 2025 జూన్ 27న కేంద్రం అక్కడి నుంచి వచ్చే జనపనార, జూట్ నూలు, నేసిన జూట్ బట్ట ఏ భూ సరిహద్దు గుండా కూడా దేశంలోకి రాకూడదని, ముంబయి దగ్గరి నవా షేవా రేవు గుండా మాత్రమే రావాలని ఆదేశించింది. ఆగస్టు 11న గోనె సంచులు, తాళ్లు కూడా ఆ జాబితాలో చేరాయి. కలకత్తాకు ఆనుకుని ఉన్న సరుకును బొంబాయి చుట్టూ తిప్పి తెమ్మనడం, పెరటి గుమ్మం మూసి ఊరంతా తిరిగి వీధి గుమ్మంలోంచి రమ్మన్నట్టే ఉంటుంది. సెప్టెంబరులో బంగ్లాదేశ్ తన వంతుగా ముడి జనపనార ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది.

ఇది గత రెండేళ్ల రాజకీయాల ఫలితమని కొందరు, 2017 జనవరి 5న బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకుల మీద భారత్ వేసిన యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా వచ్చి పడే సరుకు మీద వేసే అదనపు సుంకం) దగ్గర మొదలైందని మరికొందరు అంటున్నారు. టన్నుకు 6.30 డాలర్ల నుంచి 351.72 డాలర్ల దాకా వేసిన ఆ సుంకాన్ని 2022 చివర్లో మరో అయిదేళ్లకు పొడిగించిన మాట నిజమే. అయినా ఈ గొడవ అసలు ముడి అక్కడ లేదు. దేశ విభజన కథ అందరికీ తెలిసినదే కనుక దాన్ని పక్కన పెట్టి, విభజన జరిగిన రెండేళ్లకు, 1949 సెప్టెంబరులో జరిగినదాన్ని చూడాలి. సరిహద్దు గీత 1947లోనే పడింది, వ్యాపారం మాత్రం తెగిపోయింది 1949లో.

గీత పడిన నాటికి జనపనార పంటలో దాదాపు నాలుగింట మూడొంతులు తూర్పు బెంగాల్ వైపు, అంటే అప్పుడు పాకిస్తాన్‌లో భాగమైన నేటి బంగ్లాదేశ్‌లో ఉండిపోయింది. దాన్ని సంచులుగా నేసే మిల్లులు, వాటిలో చాలా వరకు హుగ్లీ ఒడ్డున ఉన్నవే, అన్నీ భారత్ వైపు మిగిలాయి. నారాయణగంజ్‌లో నారను బేళ్లు కట్టే ప్రెస్సులు ఉండేవి గాని ఒక్క మిల్లూ లేదు. ఈ అమరిక చెడకుండా ఉండాలని రెండు ప్రభుత్వాలు యథాతథ ఒప్పందం చేసుకుని, మధ్యలో సుంకాలు లేకుండా కొంతకాలం సరుకును నడిపించాయి. నోట్లు కూడా కొంతకాలం ఒకటే, వాటి వెనుక ఉన్న రిజర్వ్ బ్యాంకూ ఒకటే. అయితే 1948 ఫిబ్రవరి ఆఖరుతో ఆ ఒప్పందం ముగిసింది. మార్చి 1 నుంచి సుంకాల లెక్కలో ఒకరికొకరు పరాయి దేశాలయ్యారు. జూలై 1న పాకిస్తాన్ తన స్టేట్ బ్యాంకును తెరిచింది. బ్రిటన్ ఐరోపా కూటమి నుంచి బయటికి వెళ్లాలని 2016 జూన్‌లో ఓటు వేసి, సుంకాల కూటమిని నిజంగా వదిలేసరికి 2020 డిసెంబరు 31 అయింది. అంటే నాలుగున్నరేళ్లు బేరమాడుకున్నారు. ఇక్కడ అదే పని ఆరున్నర నెలల్లో అయిపోయింది, అది కూడా లక్షల మంది ఇళ్లు వదిలి నడుస్తున్న రోజుల్లో.

ఇంతవరకు జరిగింది ఇబ్బందే గాని సంక్షోభం కాదు. సుంకం కట్టి అయినా నార వస్తూనే ఉంది. 1949 సెప్టెంబరు 18న బ్రిటన్ తన పౌండు విలువను డాలరుతో పోలిస్తే 30.5 శాతం తగ్గించింది. భారత్ వెంటనే తన రూపాయిని అంతే తగ్గించింది. అమెరికాకు అమ్మే జూట్ సరుకే ఆ రోజుల్లో డాలర్లు తెచ్చే ప్రధాన వనరు కనుక మరో దారి లేదని ఢిల్లీ భావించింది. అప్పట్లో పాకిస్తాన్ రాజధాని అయిన కరాచీ తగ్గించలేదు. తమ దగ్గర ఉన్నది ప్రపంచానికి కావలసిన ముడిసరుకని, దాన్ని చవక చేసుకుంటే తమకు వచ్చేది తగ్గడమే తప్ప అమ్మకం పెరగదని పాకిస్తాన్ వాదించింది. లెక్క ప్రకారం ఆ వాదనలో తప్పు లేదు. కానీ ఫలితంగా నిన్నటిదాకా నూరు రూపాయలకు వచ్చిన నారకు కలకత్తా మిల్లు నూట నలభై నాలుగు రూపాయలు చెల్లించాల్సి వచ్చింది. భారత్ ఆ మారకపు రేటును గుర్తించనే లేదు. రేటు లేకపోతే బిల్లు లేదు, బిల్లు లేకపోతే బేలు కదలదు. అప్పటిదాకా పాకిస్తాన్ ఎగుమతుల్లో సగానికి పైగా కొన్న దేశానికీ పాకిస్తాన్‌కూ మధ్య వ్యాపారం కొన్ని వారాల్లో దాదాపు ఆగిపోయింది.

అంతకు ముందే బేరం కుదిరిన నారను పాకిస్తాన్ పంపలేదన్న ఆరోపణతో ఆ డిసెంబరులో భారత్ బొగ్గు పంపడం ఆపేసింది. హుగ్లీ మిల్లులు పని గంటలు తగ్గించి, మగ్గాల్లో కొంత భాగానికి సీలు వేసుకున్నాయి. అవతలి వైపు కష్టాన్ని, మనకు తెలిసినంతలో, పెద్దగా ఎవరూ రాయలేదు. తూర్పు బెంగాల్ రైతు చేతిలో కోసిన పంట ఉంది, కొనే వ్యాపారి లేడు. కొన్నవాడికి సరుకును పంపే దారి లేదు. పాకిస్తాన్ ప్రభుత్వం ఒక జూట్ బోర్డును పెట్టి కనీస ధర ప్రకటించాల్సి వచ్చింది. 1950 ఏప్రిల్‌లో కొద్ది నెలల కోసం కుదిరిన ఒప్పందం కింద నలభై లక్షల మణుగుల నార కదిలింది. ఆ జూన్‌లో కొరియా యుద్ధం మొదలై ప్రపంచమంతా గోనెపట్టా ధరలు ఎగబాకడంతో పాకిస్తాన్ తన నిర్ణయం సరైనదేనని నమ్మింది. చివరికి 1951 ఫిబ్రవరిలో భారత్ ఆ మారకపు రేటును ఒప్పుకుంది. సుమారు పదిహేడు నెలల పంతం అక్కడితో ముగిసింది.

అయితే పంతం నడిచిన పదిహేడు నెలల్లో జరిగిన పనులు ఆ తర్వాత వెనక్కి పోలేదు. ఒకరి దగ్గర పంట, ఒకరి దగ్గర మిల్లు ఉన్న ఏర్పాటు పోయి, ఇద్దరి దగ్గరా రెండూ తయారయ్యాయి. పాకిస్తాన్ తన నారను తానే నేయాలని సంకల్పించి నారాయణగంజ్‌లో 1951 చివర్లో ఆదమ్‌జీ మిల్లును నడిపించింది, అది కాలక్రమంలో ప్రపంచంలోనే అతి పెద్ద జూట్ మిల్లుగా పేరు తెచ్చుకుని 2002 జూన్ 30న మూతపడింది. భారత్ తన మిల్లులకు తానే పంట పండించుకోవాలని సంకల్పించింది. పశ్చిమ బెంగాల్, అస్సాం, బీహార్, ఒడిశాల్లో వరి పండే పొలాలను జనపనార వైపు మళ్లించారు. 1950–51 నాటికి దేశంలో జనపనార దిగుబడి 33 లక్షల బేళ్లకు చేరింది, విభజన వెనువెంటనే ఉన్నదానికి అది దాదాపు రెట్టింపు. అది కూడా చాలక జనపనారకు బదులు వాడదగిన ఇంకో నార కోసం వెతికారు. ఆ వెతుకులాట మన మెట్ట పొలాలకు చేరింది.

గోగు మనకు 1949లో వచ్చిన పంట కాదు. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతైన ఈ నారకు వ్యాపార ప్రపంచంలో బిమ్లీ జూట్ అనే పేరు చాలా ముందే ఉంది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు నిలబడింది ఈ నార మీదే. అయినా అంతవరకు అది మన తాళ్లకు, మన మిల్లులకు సరిపోయే ఇంటి పంట. 1949 తర్వాత అది దేశం కొరతను పూడ్చే పంటగా లెక్కలోకి ఎక్కింది. మిల్లులు జనపనారలో గోగునార కలిపి నేయడం నేర్చుకున్నాయి, మేస్తా అన్న పేరుతో దాన్ని అధికారిక పంట అంచనాల్లో విడిగా లెక్కించడం మొదలైంది. శ్రీకాకుళం జిల్లా విశాఖపట్నం నుంచి విడిపడి 1950 ఆగస్టు 15న ఏర్పడిన సంగతి ఇక్కడ యాదృచ్ఛికమే. అయినా కొత్త జిల్లా మొదటి ఖరీఫ్‌లు ఈ నార కరువు కాలంలోనే గడిచాయని గుర్తుంచుకోవాలి. ఆ తర్వాతి కాలంలో ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఏఎంవీ పేరుతో గోగు రకాలు విడుదల చేసింది. దేశానికి గోగు వంగడాలు ఇచ్చిన ఊరు మనదేనన్న సంగతి ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగేవారిలో ఎందరికి తెలుసో.

కొరత పూడ్చడానికి పిలిచిన పంటకు ఒక చిక్కు ఉంది. కొరత ఉన్నంత కాలమే దానికి పిలుపు ఉంటుంది. 1965 యుద్ధంతో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చే నార మళ్లీ ఆగింది, గోగుకు మళ్లీ మంచి రోజులు వచ్చాయి. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడింది, రైతు దగ్గర మద్దతు ధరకు నార కొనడానికి జూట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కూడా అదే ఏడాది మొదలైంది. సరిహద్దు ఎంత తెరుచుకుంటే గోగునార మీద అంత ఒత్తిడి పడింది. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006లో అమల్లోకి వచ్చాక, 2011 నవంబరులో భారత్ బంగ్లాదేశ్‌కు మద్యం, పొగాకు వంటి పాతిక రకాలు తప్ప మిగతా సరుకులన్నిటి మీదా సుంకం ఎత్తేసింది. బంగ్లాదేశ్ ప్రభుత్వం ఎగుమతి ప్రోత్సాహకాలు ఇవ్వడంతో అక్కడి సంచులు, నూలు చవకగా వచ్చాయి. ఆ పోటీని తట్టుకోలేకపోయామని మిల్లు యజమానులు చెప్పేది అబద్ధమేమీ కాదు. 1987 చట్టం కింద ఆహార ధాన్యాలు జూట్ సంచుల్లోనే నింపాలన్న నిబంధన లేకపోతే మన మిల్లుల్లో చాలా వాటికి ఆర్డర్లే ఉండేవి కావు.

కానీ మిల్లు చెప్పే ఈ కథలో రైతు కనబడడు. బంగ్లాదేశ్ నుంచి సంచి రాకూడదని, నార మాత్రం రావాలని మిల్లు కోరుతుంది. మిల్లుకు అది న్యాయమే, గోగు రైతుకు మాత్రం ఆ రెండో సగమే దెబ్బ. గజపతినగరం, చీపురుపల్లి, రణస్థలం వైపు మెట్ట పొలాల్లో తొలకరికి ముందు పడే వానకు గోగు విత్తుతారు. సెప్టెంబరు, అక్టోబరు నాటికి కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, నడుం లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, కడిగి ఆరబెడతారు. ఊరిన గోగు వాసన ఆ రోజుల్లో బస్సు కిటికీలోంచి కూడా లోపలికి వచ్చేది. ఇప్పుడు ఆ దారుల్లో కనిపించేది మొక్కజొన్న, పత్తి, సరుగుడు. గోగు మానేసినందుకు రైతులు చెప్పే కారణాలు పెద్దగా మారలేదు. చెరువులో సమయానికి నీళ్లు ఉండవు, నిలవ నీటిలో ఊరిన నారకు రంగు తగ్గి గ్రేడు పడిపోతుంది, ఒలిచే కూలీలు దొరకరు. 2025–26కు ముడి జనపనార మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. అది ఒక జనపనార గ్రేడుకు ప్రకటించే ధర, గోగునార ధర దాన్ని ఆధారం చేసుకుని కింద నిర్ణయమవుతుంది. నార కొరతతో మిల్లు ఆగితే అందరూ చూస్తారు. గోగు వేయడం మానేసిన పొలాన్ని ఎవరూ చూడరు, ఎందుకంటే అక్కడ వేరే పంట ఉంటుంది.

కార్మికుడిది ఇంకో మాట. నెల్లిమర్లలో 1994లో పోలీసు కాల్పులకు కార్మికులు బలయ్యారు, చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ఆ గేట్ల ముందు నిలబడినవాళ్లను అడిగితే బంగ్లాదేశ్ పేరు కంటే బకాయిలు, పీఎఫ్, గ్రాట్యుటీ పేర్లు ముందు వస్తాయి. ముడిసరుకు లేదని చెప్పి గేటు మూయడం యాజమాన్యానికి అన్నిటికంటే తేలికైన దారి అని వాళ్లు అనుమానిస్తారు. ఆ అనుమానాన్ని తోసిపుచ్చేంత లెక్కలు ఏ మిల్లూ ఇంతవరకు కార్మికుల ముందు పెట్టలేదు.

ఇప్పటి ఆంక్షలు 1949 నాటి నడకనే నడుస్తున్నాయి. అప్పుడు మారకపు రేటు, ఇప్పుడు రేవు పేరు. అప్పుడు ఆపింది బొగ్గు, ఇప్పుడు ఒకరి మీద ఒకరు ఆంక్షలు పెట్టుకున్నది నూలు, దుస్తులు, రవాణా సదుపాయం మీద. అవతలి దేశం ముడి నారను పట్టి ఉంచుకోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, 2009లోనూ 2015లోనూ కూడా ఢాకా కొంతకాలం ఆ పని చేసింది. ఒక తేడా ఉంది. 1949లో నార ఆగగానే ఢిల్లీ పొలాల వైపు చూసింది. ఇప్పుడు నార ఆగగానే ప్లాస్టిక్ సంచులకు సడలింపు ఇస్తోంది, దాంతో కొరత తీరుతుంది, గోగు విత్తనం అవసరం మాత్రం ఎవరికీ రాదు.

ఐక్యరాజ్యసమితి నిర్ణయం ప్రకారం బంగ్లాదేశ్ అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి బయటికి రావలసిన తేదీ 2026 నవంబరు 24. 2011లో భారత్ ఇచ్చిన సున్నా సుంకం ఆ హోదా మీద ఆధారపడి ఉన్నదే కనుక, అది కొనసాగుతుందా, ఏ రూపంలో కొనసాగుతుందన్నది రెండు ప్రభుత్వాలూ తేల్చుకోవాలి. గోగు విత్తాలో మొక్కజొన్న విత్తాలో చీపురుపల్లి రైతు తేల్చుకోవలసింది మాత్రం మే నెలలో మొదటి వాన పడ్డప్పుడు, అంటే అంతకు ఆరు నెలల ముందు.